భుజాల మీద మంచు

దులూత్ కొండవాలు, నాలుగో వీధి.
అక్టోబరు అయిపోకముందే మంచు.
ఆ ఇంటి మెట్లమీద కళ్లూ నోరూ చెక్కిన గుమ్మడికాయ
లోపలి దీపం ఆరి, మెత్తబడి, ఓ పక్కకి ఒరిగింది.
నేను ఫొటోలోనే చూశాను. ఎనిమిదో నంబరు సాక్ష్యం.

ఆ మెట్ల దగ్గరే డారిన్‌ని పట్టుకున్నారు.
ఎవరది, అని పోలీసు లైటు వేస్తే
భుజాలు తడుముకున్నాడట.
రిపోర్టులో ఆ ముక్క రెండుసార్లు రాశారు.
ప్రాసిక్యూటరు దాని కింద గీత కూడా గీసింది.
మంచు పడుతోంది కదండీ, అన్నాను.
మంచు పడితే మనిషి దులుపుకోడా?
జడ్జి తలతిప్పి కిటికీలోంచి బయటికి చూశాడు.
ఖర్మ, ఆ రోజు ఎండ.

ఇంట్లో ఏదీ పోలేదు.
వెండి చెంచాలు సొరుగులోనే ఉన్నాయి, లెక్క సరిపోయింది.
కనుక ఇక మిగిలింది ఒక్క క్షణం:
వంటింటి కిటికీ రెక్క ఎత్తి
మొదటి కాలు లోపల పెట్టినప్పుడు
అతని మనసులో ఏముంది?
అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు
ఒక కాలు సింకులో, ఒక కాలు చలిలో ఉన్న
ఇరవై రెండేళ్ల కుర్రాడి మనసు.
దాన్ని తెచ్చి బల్లమీద పెట్టమంటారు నన్ను.
ఈ పొద్దున కాఫీ ఒలికినప్పుడు
నా మనసులో ఏముందో నాకే గుర్తులేదు.

పోలీసుకు, పిల్లి కోసం అన్నాడు.
జైలు గుమాస్తాకు, ఒకప్పుడు అద్దెకున్న ఇల్లు అన్నాడు.
నాకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.
చేశావా, అన్న మాట
పంతొమ్మిదేళ్లుగా నా నోట రాలేదు.
నేనడిగేవి వేరు:
తిన్నావా? ఎవరికైనా ఫోన్ చెయ్యాలా?
ఆ మోచేతి దెబ్బ ఎప్పటిది?

జేబులో స్క్రూడ్రైవర్ దొరికింది.
పసుపు పిడి, మొన కాస్త అరిగింది.
కోర్టులో దాన్ని ఎత్తి చూపిస్తుంటే
కన్నగత్తిలాగే మెరిసింది పాడు వస్తువు.
నేను కార్ల యార్డుకి వెళ్లాను.
అతని కారు అద్దం దించే పిడి ఎప్పుడో ఊడిపోయింది.
ఆ బొక్కలో నా స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పితే
అద్దం సగందాకా దిగి ఆగిపోయింది,
మళ్లీ పైకి రానంది.
సీటు మీద మంచు పడుతుంటే
చేతులు గడ్డకట్టేదాకా తిప్పుతూనే ఉన్నాను.
కేసులో నాకు దొరికిన ఒకే ఒక్క నిజం అది.

ఆ ఇంటావిడ లుండీన్ గారు
ఇప్పుడు వంటింటి లైటు ఆర్పకుండా పడుకుంటారట.
ఆవిణ్ణి నేను ప్రశ్నలడగాలి.
కిటికీ గడియ వేశారా? ఖాయంగా వేశారా?
చేతిసంచీ పట్టీని వేళ్లకి చుట్టుకుంటూ
దొంగ వైపు చూడాల్సిన చూపు
నావైపు చూశారావిడ.
జీతంలో భాగమనుకుని నిలబడ్డాను.
రాత్రి మా ఇంటి గడియ రెండుసార్లు చూసుకున్నాను.

నలభై ఏడో రోజున బేరం కుదిరింది.
దొంగతనం మాట తీసేసి, అక్రమ ప్రవేశం.
ఉన్న జైలే శిక్ష.
బేకరీలో అతని పని అప్పటికే ఇంకెవరిదో.
గెలిచామా, అని అడిగాడు.
సంతకం ఇక్కడ, అన్నాను.

సాయంత్రం ఆఫీసుకొచ్చాడు.
మిస్ కెట్టునెన్, నా స్క్రూడ్రైవర్ ఇస్తారా?
ఫారం నింపాలి, ముప్పై రోజులు పడుతుంది.
మరి అందాకా అద్దం?
నా సొరుగులోది తీసి ఇచ్చాను.
జేబులో పెట్టుకున్నాడు. అదే జేబు.

కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను.
అతను మెట్లు దిగుతున్నాడు.
వీధి మలుపులో పోలీసు కారొకటి నెమ్మదించింది.
మంచు మొదలైంది.
దులుపుకోకు, అంటున్నాను అద్దానికి నోరానించి,
నాయనా, కాసేపు దులుపుకోకు.