పిల్లికూన అకౌంటు

ముందే ఒప్పేసుకుంటాను.
నలభై ఆరేళ్ల మనిషిని.
పెరంబూరు స్టేషను దగ్గర జిరాక్సు కొట్టు.
షుగరు మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.
అయినా ఇన్‌స్టాగ్రాములో నేను
ఎనిమిదో తరగతి ఆడపిల్లని.

పేరు పిల్లికూన. పక్కన రెండువేల పన్నెండు.
ఆ పక్కన ఊదారంగు గుండె.

తప్పు నాది కాదు, తరళది.
పదమూడు నిండిన రోజు కేకు కోసి,
కొవ్వొత్తి పొగ ఇంకా ముక్కులో ఉండగానే
నన్ను బ్లాక్ చేసింది.
ఎందుకే అంటే,
"ప్రతి ఫోటో కిందా
బంగారుతల్లీ, చెవులకి గుడ్డ కట్టుకో, చలిగాలి
అని రాస్తావు నాన్నా.
మద్రాసులో చలిగాలేంటి?
నూట ఎనభై మంది చదువుతారు" అంది.

అలమేలు నవ్వింది.
వాళ్లమ్మని బ్లాక్ చెయ్యలేదు మరి.
ఆవిడ ఏమీ రాయదు. ఊరికే చూస్తుంది,
పొయ్యిమీది పాలని చూసినట్టు.

సరే, నాకు దొడ్డిదారే గతి అయింది.
మేడమీద సింటెక్సు ట్యాంకు ఎక్కి పడుకునే
బూడిదరంగు పిల్లిని ఫోటో తీశాను.
శనివారం మధ్యాహ్నం,
ఆధార్ కార్డులు పట్టుకుని ఆరుగురు నిలబడి ఉండగా
రిక్వెస్టు పంపాను.
పది నిమిషాల్లో ఒప్పుకుంది.
మెషీన్లో కాగితం ఇరుక్కుంది.
ఇరుక్కోనీ అన్నాను.

తీరా లోపలికెళ్లి చూస్తే
ఏమీ లేదు.
సగం తిన్న పరోటాలు.
లిఫ్టు అద్దంలో మొహాలు, మొహాలకి అడ్డంగా ఫోన్లు.
ఎవరివో ఆరు కాళ్లు, ఒకే రంగు సాక్సులు.
ఒక్కచోట నేను, వెనక నుంచి.
బట్టతల మీద ట్యూబులైటు వెలుగు.
కింద రాసింది: "మా ఇంటి పౌర్ణమి."
తొంభై ఏడు లైకులు.
నేనూ కొట్టాను, తొంభై ఎనిమిది.
పిల్లికూనకి అనుమానం రాకూడదు కదా.

సోమవారం రాత్రి మెసేజి వచ్చింది.
"హాయ్ పిల్లికూనా, ఏ స్కూలు?"
చెమట పట్టింది. దూరంలే అన్నాను,
అంబత్తూరు దాటాక.
"మాథ్స్ ఎలా ఉంది?"
పర్లేదు.
"నాకు ఇరవైకి ఆరు. ఇంట్లో చెప్పలేదు.
మా నాన్న అరవడు, అదే భయం.
అరవకుండా కూర్చుని
ట్యూషన్ల చిట్టా రాస్తాడు."

చేతిలో చపాతీ ముక్క
తుంచింది తుంచినట్టే ఉండిపోయింది.
దాని గదికీ నా గదికీ మధ్య ఒక్కటే గోడ.
ఆ గోడకి ఇవతల
నేను అంబత్తూరు దాటి ఉన్నాను.

మూడుసార్లు రాశాను, మూడుసార్లు చెరిపాను.
చివరికి ఎనిమిదో తరగతి పిల్ల
ఏమంటుందో అదే అన్నాను:
"నాకు ఐదు."

అబద్ధం కాదు. తొంభై రెండులో, అర్ధసంవత్సరం పరీక్ష.
మా నాన్నకి ఇప్పటికీ తెలియదు.

గోడ అవతల కిసుక్కున నవ్వు.
మళ్లీ మెసేజి.

"పిల్లికూనా, నీ ఫోటోలో పిల్లి బాగుంది.
వెనక తీగమీద ఆరేసిన నీలిగళ్ల లుంగీ
మా నాన్నది.
పడుకునే ముందు హాల్లో ఫ్యాను ఆపు.
అమ్మ పొద్దున్నే మొదలెడుతుంది."

మర్నాడు టిఫిను దగ్గర ఇద్దరం మహా మర్యాదగా
ఇడ్లీలు తిన్నాం.
"ఏమైంది మీకు?" అంది అలమేలు.
చట్నీ బాగుందన్నాను.
చట్నీ చెయ్యలేదట, అది పొడి.

నేను ఇంకా బ్లాకులోనే ఉన్నాను.
పిల్లికూన లేదు.

గురువారం సాయంత్రం స్కూలు బ్యాగుతోనే కొట్టుకొచ్చింది.
నాలుగు మడతల కాగితం కౌంటరు మీద పెట్టి
గిరాకీలా నిలబడింది.
"రెండు కాపీలు.
ఒకటి నాన్నకి, ఒకటి పిల్లికూనకి.
సంతకాలు కావాలి."

ఎంత లేతగా తీసినా ఆరు ఆరుగానే వచ్చింది.
మొదటిదాని మీద సంతకం పెట్టాను.
రెండోదాని మీద
పెన్ను కాసేపు తిప్పి తిప్పి
పంజా గీశాను.