సగం ఎత్తు

గ్దాన్‌స్క్‌లో ఫిబ్రవరి. ట్రామ్ పట్టాల మధ్య మంచు
తొక్కిన బొగ్గులా నల్లబడి ఉంది.
తలుపు భుజంతో తోసుకుని లుదోమిర్ గారు వచ్చారు,
చంకలో ఊలు శాలువా,
శాలువాలో కంప్యూటర్.

బీమా ఆఫీసు మూతపడితే వేలంలో కొన్నారట.
సన్నటి డబ్బా.
నిలబెడితే నిఘంటువు, పడుకోబెడితే ట్రే.

"దీనికో గ్రాఫిక్స్ కార్డు కావాలి యాగ్నా.
తెర మీద ఓడ తిరగాలి.
ఇప్పుడు నత్తలా కాస్త జరిగి, ఆగి, తెల్లబోతోంది."

ఏ ఓడ అని నేను అడగలేదు.
ఈ ఊళ్ళో డెబ్భై దాటినవాళ్ళని ఆ మాట అడిగితే
షాపు మూసే వేళ దాటిపోతుంది.

అద్దాల బీరువాలో పెద్దవి ఉన్నాయి.
మూడేసి ఫ్యాన్లు, ఇటుకంత బరువు,
పెళ్ళిపందిరిలా ఒళ్ళంతా దీపాలు.
నగల దుకాణం ముందు నేను నడిచినట్టే
ఆయన వాటి ముందు నడిచారు, ఆగకుండా.

మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలి.
ఈ మంచం అరవై తొమ్మిది మిల్లీమీటర్లు.
నేను చెప్పలేదు, ఆయనే కొలిచారు.
కోటు లోపలి జేబులోంచి వెర్నియర్ తీశారు,
స్టీలు, అంకెలు సగం అరిగినవి.
స్లాటు నుంచి మూత దాకా, డిస్కు అర దాకా,
ఒక్కో కొలతా గట్టిగా అరిచి చెప్పారు,
మా మధ్య షిప్‌యార్డంత దూరం ఉన్నట్టు.
నేను రసీదు వెనక రాసుకున్నాను.

పవర్ సప్లై మీది చీటీ చదివాను:
రెండు వందల నలభై వాట్లు, అదనపు తీగ లేదు.
స్లాటు ఇచ్చే డెబ్భై అయిదుతోనే కాపురం.

రెండు మిగిలాయి.
ఒకటి కొత్తది, మెమరీ ఎక్కువ, మందం ఎక్కువ.
పక్కనున్న పవర్ సప్లైకి ఊపిరాడనివ్వదు.
ఇంకోటి వాడినది, పల్చటిది,
ఫ్యాను చెవిలో దోమలా పాడుతుంది.

ఆయన రెంటినీ రెండు చేతుల్లో పట్టుకుని
కార్డుల గురించి కాకుండా ఇంకేదో చెప్పారు.
"డెబ్భై ఎనిమిదిలో ఒక ట్రాలర్‌కి ఇంజిన్ గది గీశాను.
గీత అయ్యాక పైవాళ్ళు ఇంజిన్ మార్చారు.
పద్దెనిమిది సెంటీమీటర్లు పొడుగు.
ఓడని సాగదీయలేం కదా.
మెట్లు తీసేసి నిచ్చెన పెట్టాను.
ఇరవై రెండేళ్ళు కుర్రాళ్ళు
నూనె చేతులతో, అలల మీద,
ఆ నిచ్చెన ఎక్కి దిగారు.
ఒకడు పడ్డాడు. బతికాడులే."

"ఓడ ఇప్పుడెక్కడ?" అడిగేశాను చివరికి.

"బ్లేళ్ళయిపోయింది. మీ నాన్న గడ్డం గీసుకునే ఉంటాడు దాంతో."

పల్చటిదే తీసుకున్నారు.
తీరా చూస్తే దాని పొట్టి పట్టీ ఎవరో పారేసుకున్నారు,
ఉన్నది నిలువెత్తు డబ్బాలకి సరిపోయే పొడుగు పట్టీ.
డ్రాయర్లన్నీ తిరగేశాను. స్క్రూలు, పాత కేబుళ్ళు,
ఎప్పటిదో ఎండిన నారింజ తొక్క.
"అది ఇలా ఇవ్వు," అన్నారాయన.

గురువారం తెచ్చారు.
సగానికి కోసి, మడిచి, రెండు చిల్లులు పెట్టి,
అంచులు ఆకురాయితో నున్నగా రుద్ది.
నా బొటనవేలు ఆ అంచు మీద అటూ ఇటూ నడిపాను.
ఎక్కడా గీసుకోలేదు.

బిగించాం. మూత అగ్గిపెట్టెలా జారి కూర్చుంది.
దోమ పాట మొదలైంది.
వెనకనుంచి గోరువెచ్చటి గాలి.
ఆయన గ్లవ్స్ విప్పి చేతులు అక్కడ పెట్టారు కాసేపు.

తెర మీద ట్రాలర్ తిరిగింది,
ఆగకుండా, ముక్కు నుంచి తోక దాకా.
నేను చప్పట్లు కొట్టబోయాను.
ఆయన అప్పటికే గోడ చీల్చుకుని లోపలికి దూరారు,
ఇంజిన్ గదిలోకి, ఆ పొడుగాటి ఇంజిన్ పక్కకి.
అక్కడ మెట్లు ఉన్నాయి.
సన్నగా, మెలితిరిగి, మూలకి ఒదిగి.
నేను లెక్కపెడుతున్నాను: తొమ్మిది, పది, పదకొండు...

"పన్నెండో దాని దగ్గర ఇంకా తల తగులుతోంది,"
అన్నారు, మౌస్ వదలకుండా.