అట్ట

డాండినాంగ్ సౌత్‌లో
టైర్ల కొట్టుకీ పాలరాతి బండల గోడౌనుకీ మధ్య మా షెడ్డు.
మేం కార్లకి రంగు వేయం.
అట్ట వేస్తాం.

ఇస్‌హాక్ ఈ మాట ఒప్పుకోడు.
వినైల్ ర్యాప్ అను, రేటు పలుకుతుంది అంటాడు.
నాకు మాత్రం ఇది జూన్ నెల పనే:
కొత్త నోటుబుక్కుల దొంతర, గోధుమరంగు కాగితం చుట్ట,
మూల దగ్గర కత్తిరించి లోపలికి మడిచేటప్పుడు
ఊపిరి బిగబట్టడం.
మూల కుదిరితే ఏడాదంతా కుదిరినట్టే.

ఆ మంగళవారం డోరీన్ వచ్చింది
పసుపుపచ్చ ఫాల్కన్ నడుపుకుంటూ.
పందొమ్మిదేళ్ళు రాత్రి టాక్సీ తోలిందట.
మీటరు పీకేశారు, పైన దీపం పీకేశారు.
రంగు పీకడానికి ఎవరూ రాలేదు.

"ఇంకా చెయ్యెత్తుతున్నారు" అంది.
"సిగ్నల్ దగ్గర ఆగితే చాలు
వెనక తలుపు తీసి కూర్చుంటారు.
స్ప్రింగ్‌వేల్ అంటారు, కళ్ళు మూసుకుంటారు."
"దింపేయకపోయారా?"
"దింపాను. స్ప్రింగ్‌వేల్లో."

నమూనాల పుస్తకం ముందు పెట్టాను.
నలుపులోనే పదకొండు: మెరుపు నలుపు, మసి నలుపు,
ఎండలో ఊదాగా తిరిగే నలుపు.
ఆమె పేజీలు తిప్పి తిప్పి
"ఎవరూ చెయ్యెత్తని రంగు ఏది?" అంది.
పన్నెండేళ్ళలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.
మబ్బు పట్టిన రోజు సముద్రం లాంటి
ఒక నీలం చూపించాను.

కడిగాం. స్పిరిట్‌తో తుడిచాం.
పిడులు విప్పాం, అద్దాలు విప్పాం.
స్టిక్కర్ ఊడదీసిన చోట
నాలుగు, నాలుగు, ఒకటి, ఏడు
చుట్టూ ఉన్న పసుపుకంటే ముదురు పసుపులో మిగిలాయి.
ఎంత రుద్దినా పోలేదు.
అది మరకైతేగా,
ఎండ తగలని చోటు.

వినైల్‌కి ఒక గుణం ఉంది.
సాగదీస్తే సాగుతుంది, వంపులో పడుకోమంటే పడుకుంటుంది,
వదిలేస్తే రాత్రికి రాత్రి లేచి
తన పాత కొలతకి పోతుంది.
దాన్నే మెమరీ అంటారు.
అందుకే ఆఖర్న వేడిగాలి,
తొంభై డిగ్రీలు, అంచు అంచునా,
అది మరిచిపోయేదాకా.
ఇస్‌హాక్ ఉష్ణోగ్రత చూసి
"అయింది, మరిచిపోయింది" అని
టీకి నీళ్ళు పెడతాడు.

మూడు రోజులు పట్టింది.
బానెట్ మీద ఒక్క బుడగ లేదు.
బంపర్ మూల, నా జూన్ మూల,
ఒక్క మడతలో కుదిరింది.
సొట్టలు మాత్రం సొట్టల్లాగే నీలంగా ఉన్నాయి.
అట్ట రంగుని దాస్తుంది,
ఆకారం జోలికి పోదు.

తలుపు తీస్తే లోపలి చట్రం ఇంకా పసుపే.
"దానికి వేరే ఆరువందలు" అన్నాను మొహమాటంగా.
"ఉండనీ. దిగేటప్పుడు నేనొక్కదాన్నేగా చూసేది."
ఇంట్లో కూడా ఒక్కదాన్నే, పిల్లి కూడా లేదు అని
చెక్కు రాస్తూ చెప్పింది.

నెల తరవాత తనిఖీకి రమ్మంటాం, ఊరికే.
వాన పడుతోంది ఆ రోజు.
చుట్టూ తిరిగి బొటనవేలితో అంచులు తడిమాను.
బానెట్ బాగుంది. ఆమె కూర్చునే వైపు తలుపు బాగుంది.
వెనక ఎడమ తలుపు, పేవ్‌మెంటు వైపుది,
పిడి కింద మాత్రం
గోరంత లేచింది.
అక్కడ చేతులు పడుతున్నాయి. చాలా చేతులు.

అద్దంలోంచి చూస్తే వెనక సీటు మీద
ఎవరిదో మడతగొడుగు,
ఇంకా నీళ్ళు కారుతూ.

నేనేమీ అడగలేదు.
ఆమే తన కుడికాలి వైపు చూసుకుంటూ అంది:
"బస్సు రాలేదు, పాపం.
ఆ పిల్ల చెయ్యి కూడా ఎత్తలేదు."

వేడిగాలి పెట్టాను.
అంచు అతుక్కుంది.
ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాను.
మళ్ళీ వస్తాలే అంది.