చెంచాడు నీళ్ళు

నా బైబిలు వెనక అట్ట లోపల
పెన్సిలు గీతలుండేవి.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
అవి నేను గెలిచిన వాదాలు.
సబ్బాతు మీద గెలిచినవి, భాషల వరం మీద గెలిచినవి,
పర్లాకిమిడిలో దిగాల్సిన కేథలిక్కు పంతులమ్మని
టెక్కలి దాకా దిగనివ్వకుండా
రైల్లోనే గెలిచినది.

ఆ శుక్రవారం గుణుపురంలో
ఫిలేమోను పాత్రో ఇంటి వాకిట్లో ప్రార్థన.
ఆమేన్ అయ్యాక ముడీ మిక్చరు, టీ.
అప్పుడే నాకు ఆకలి. తిండికి కాదు.

ప్రిస్కిలమ్మ లూథరన్ మనిషి,
మిషను ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు రాత్రి ఆయా.
"మా గుడిలో చిలకరిస్తారు బాబూ" అంది,
మోకాలు ఒత్తుకుంటూ, ఊరికే, మాటల్లో మాటగా.

నేను లేచాను.
బాప్తిస్మం అంటే ముంచడం, అది గ్రీకు మాట అన్నాను.
(గ్రీకులో నాకొచ్చింది ఆ ఒక్క మాటే.)
సమాధిలోకి దిగినట్టు దిగాలి, లేచినట్టు లేవాలన్నాను.
ప్రతి మేలోనూ వంశధార ఇసకై పోతే
మా పాస్టరు చెలమ తవ్వించి
లావుపాటి యోసేపుని ఆ పక్కకీ ఈ పక్కకీ పొర్లించి
తడవని భుజం మీద బకెట్టు పోసిన సంగతి
చెప్పలేదు.

"ఎన్ని నీళ్ళు చాలమ్మా మీకు?
గ్లాసుడా? చెంచాడా?"

నవ్వారు. పాత్రో పొలమారి మరీ నవ్వాడు.
ఆవిడ తన అరచేతులకేసి చూసుకుంది.
తర్వాత ఒక్కసారి మా దోర్కా వైపు.
"సదువుకున్నోరు, మీరే సెప్పాలి" అంది.
ఆ చూపుని నేను ఓటమి అనుకున్నాను.
జేబులో పెన్సిలు తడుముకున్నాను.

ఇంటికొస్తుంటే కరెంటు పోయింది.
టార్చి నా చేతిలో, ఎప్పటిలా ముందు నేను.
వెనక చెప్పుల చప్పుడు ఆగింది.

"మన పెద్దోడు," అంది దోర్కా.

మేం వాణ్ణి అలాగే అంటాం, అనాల్సివస్తే.
రాత్రి పుట్టి, తెల్లారకముందే పోయాడు.
నేను రక్తం కోసం రాయగడ వెళ్ళాను.
వచ్చేసరికి తెల్ల గుడ్డ.

"నానే అడిగినాను ఆయమ్మని.
పాస్టరు గారొచ్చే యాళ కాదు.
మందు సీసా చెంచాతోటి, గోరెచ్చని నీళ్ళు.
సల్లగుంటే ఉలిక్కిపడతాడని
తన సేతి మీద ఏసుకుని సూసుకుంది.
ఏటి పేరమ్మా అనడిగింది.
సెప్పినాను."

ఇరవై రెండేళ్ళుగా
నా కొడుకుకి ఒక పేరుంది.
అది తెలిసినవాళ్ళు ఇద్దరాడవాళ్ళు.
ఒకరిని ఇందాకే నలుగురిలో నవ్వులపాలు చేసొచ్చాను.
రెండోవారు చీకట్లో నిలబడి
ఆ పేరు నాకు చెప్పారు.
ఇక్కడ రాయను.

టార్చి ఎటు వేయాలో తోచలేదు.

ఆ రాత్రి రబ్బరుతో గీతలు చెరిపాను.
బైబిలు కాగితం పల్చన.
ఏడో కట్ట దగ్గర చిరిగింది.

ఆదివారం ప్రిస్కిలమ్మ గడపలో నిలబడ్డాను.
ఆవిడ ఎండుచేపల తలలు తుంచుతోంది.
"కూకోండి బాబూ."
క్షమించమ్మా అనడానికి నోరు తెరిస్తే
"రోమా పత్రిక ఆరో అధ్యాయంలో..." అని వచ్చింది.
నాలుకకి ఉన్న దారి అదొక్కటే.
ఆవిడ ఎదురు చూసింది.
నేను ఆగిపోయాను.
గోడ మీద బల్లి కూడా ఏదో కనిపెట్టినట్టు ఆగింది.

ఇప్పటికీ ముంచాలనే నా నమ్మకం.
అడిగితే అదే చెబుతాను, గొంతు పెంచకుండా
చెప్పగలనో లేదో మరి.

"మోకాలి నూనె సీసా," అంది చివరికి,
చేతులు చీరకి తుడుచుకుంటూ,
"మూత బిగిసిపోనాది. సూడండి కాస్త."

చూశాను.
నేల మీద కూర్చుని, పంచె కొంగు చుట్టి తిప్పాను.
చాలాసేపు రాలేదు.