ఒక్క పూట చీవరం

పట్టాయాలో రెండో ఆటకి ముందు
విగ్గు పెట్టబోతే పిన్ను పట్టుకోవడానికి వెంట్రుకే లేదు.
"టేపు వెయ్యి అక్కా" అంది దావ్‌రుంగ్,
అద్దంలోంచి నన్ను చూడకుండా.

పందొమ్మిదేళ్లుగా ఈ తెర వెనక జిప్పులు ఎక్కిస్తున్నాను.
ఊడిన తళుకులు, తెగిన హుక్కులు,
ఎవత్తి ప్రియుడో పారిపోయిన రాత్రి చెదిరిన కాటుక,
అన్నిటికీ నా పెట్టెలో ఏదో ఒకటి ఉంటుంది.
మూడు రోజుల గుండుకి మాత్రం
ఏం వెతకాలో తోచలేదు.

టేపు అంటిస్తుంటే తనే చెప్పింది.

నాన్న పోయాడు, యసోథోన్‌లో.
చితి ముందు కొడుకు కాషాయం కడితే
ఆ అంచు పట్టుకుని తండ్రి పైకి పోతాడని మావాళ్ల నమ్మకం.
ఉన్న ఒక్క కొడుకూ నేనేనట అక్కా, అంది.
పదిహేనేళ్లుగా ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు,
నేను పంపే డబ్బు రశీదులు తప్ప.
వాటిమీద ఇప్పటికీ నా పేరుకి ముందు మిస్టరే.

నడుము దాటే జుట్టు తామరాకులో పడింది.
కనుబొమ్మలు కూడా తీసేయాలి.
కత్తి పట్టుకున్న ముసలి భిక్షువు
పెన్సిలు గీత తుడిచి చూస్తే అక్కడ ఏమీ లేదు.
"సిద్ధపడే వచ్చావే" అని నవ్వాడట.
ఇంకేమీ అడగలేదు. చీవరం మాత్రం
రెండు భుజాలూ కప్పేలా, గుండెల మీద ఇంకో మడత వేసి
తనే చుట్టాడు.

మా భాషలో మర్యాదకీ ఆడా మగా ఉంది.
మాట చివర మేం 'ఖా' అంటాం, మగాళ్లు 'ఖ్రాప్' అంటారు.
ఆ పూటంతా తను నోరు విప్పలేదు,
పాళీ మంత్రాలకి తప్ప. వాటికి ఆ తోక లేదు.

అమ్మ రెండు మూరల దూరంలో కూర్చుంది.
భిక్షువుని ఆడది తాకకూడదు.
ఒకసారి చెయ్యి లేచింది,
ఈగని తోలినట్టు గాలిలో తిరిగి
మళ్లీ ఒళ్లోకి వెళ్లిపోయింది.

పొగ సన్నబడి, చీవరం మడతపెట్టి ఇచ్చేశాక,
వంటింటి వెనక నీళ్ల జాడీ దగ్గర
అమ్మ వచ్చి ఆ గుండు మీద అరచెయ్యి వేసింది.
చాలాసేపు తీయలేదు.
"పుట్టినప్పుడూ ఇలాగే ఉన్నావు" అంది.
ఆపైన తన పెట్టెలోంచి పూల రుమాలు తెచ్చి
తల చుట్టూ కట్టింది, ముడి పక్కకి పెట్టి,
ఆడపిల్లకి కట్టినట్టు.

"బిగుతుగా ఉందా?" అడిగాను.
"ఇంకాస్త వెయ్యి. మూడో పాటలో తల విదిలించాలి."

బయట గంట మోగింది.
నేనొక కనుబొమ్మ గీశాను, తను రెండోది గీసుకుంది.
రెండూ ఒకే ఎత్తున లేవు.
సరిచేసే టైము లేదు.