ఒక్క కొమ్ము

మంగళవారం. సూదుల రోజు.
మిర్చి యార్డు గాలి ఇటు తిరిగిందంటే
మా ఆరోగ్య కేంద్రంలో గోడలు కూడా తుమ్ముతాయి.

సువార్త వచ్చి బల్ల అంచున కూర్చుంది.
పొద్దుటి నుంచి తొడిమలు తీసిన వేళ్లు,
తడిపిన చెంగులో చుట్టి పెట్టుకుంది.
ఏటుకూరు రోడ్డు, ముప్పై ఒకటి, ఇద్దరు పిల్లలు, ఐదో డోసు.
సూది చీటీ రేషన్ కార్డు కవర్లో ఉంది, మడతల మీద మడతపడి.

"అక్కా, ఈ సూదికీ ఆ జబ్బుకీ ఏదో ఉందంటగా?
ఏయించుకున్నోళ్లకి తొందరగా అంటుకుంటదంట."

ఆ జబ్బు అనేటప్పుడు గొంతు దించింది.
బయట వరసలో ఆడపడుచు ఉంది.

నాకు ట్రైనింగులో చెప్పారు.
ఒకప్పుడు కొందరు, పెరుగుతుందేమో అన్నారు.
తర్వాత చాలామందిని చూసి, లెక్కకట్టి,
అంత తేడా కనపడలేదన్నారు.
సూది గర్భాన్ని ఆపుతుంది, జబ్బుని ఆపదు
అని చెప్పి తలుపు వెనక నిరోధ్ పెట్టె చూపించమన్నారు.
చెప్పాను. చూపించాను.

సువార్త నవ్వింది.
"సూది నా జబ్బకి. ఎవురికీ తెలవదు.
అదైతే ఆయన్ని అడగాల.
నాగపూర్‌లో లోడు దించి ఇరవై రోజులకి ఇంటికొచ్చిన మనిషిని
అడగాల.
ఎందుకంటాడు.
ఎందుకో నేను చెప్పాలా, అక్కా?"

దూదితో తుడిచాను. కదల్లేదు.
రుద్దొద్దన్నాను, ప్రతిసారీ అనేదే.

రిజిస్టరు నిండా గళ్లే.
పేరు, వయసు, ఎన్నో డోసు, ఏ చెయ్యి, మళ్లీ ఎప్పుడు.
ఆమె అడిగినదానికి గడి లేదు.
మార్జిన్లో రాయబోయి
జబ్బ దగ్గర చెయ్యి ఆగింది.
జబ్బకీ జబ్బుకీ ఒక్క కొమ్మే తేడా.
ఆ కొమ్మిచ్చేది సూది కాదంటారు.
లారీ అవునో కాదో రిజిస్టరు అడగదు.
నేను ఖాయంగా చెప్పలేను,
అందుకే పెన్సిలు తీసుకున్నాను.

మెట్లు దిగినామె మళ్లీ ఎక్కొచ్చింది.
"ఇక్కడ రక్తం చూస్తారంటగా. చూడు.
ఆయనది ఎప్పుడో. ముందు నాది."

వేలు చాపింది. కారం వేలు.
ఏది గుచ్చినా మండేదే,
ఎడంచేతి ఉంగరం వేలు పట్టుకున్నాను.
కాసేపు కూర్చోమన్నాను.

కూర్చుంది, పెట్టె వైపు చూడకుండా,
తర్వాత చూస్తూ.

గాలి మళ్లీ తిరిగింది.
తను తుమ్మింది. వెంటనే నేను.
"ఒంటి తుమ్ము కాదులే" అంది.