సందేహం

జావాకి దక్షిణాన, పడవలో నలభై నిమిషాలు.
ఆ దీవిలో పుట్టిన ప్రతి కోతికీ ఛాతీ మీద అంకె పచ్చబొట్టు,
మూడు నెలలకోసారి తొడ దగ్గర సూది.

పట్టుకునే పని యాయట్‌ది.
మత్తెక్కిన తల్లి పొట్టని పిల్ల కరుచుకునే ఉంటుంది.
విడదీయడు. తన మోచెయ్యి కాస్త పక్కకి తిప్పుకుంటాడు.
మూడు మిల్లీలీటర్లు. ఎర్ర మూత గొట్టం. ఐసు పెట్టె.

బోగోర్ నుంచి ఫోను:
"నాలుగు వందల పన్నెండు, సందేహం."
పాజిటివ్ అనీ రాయరు, నెగటివ్ అనీ రాయరు.
మళ్లీ రక్తం. మళ్లీ సందేహం.
మూడోసారి బోను తెచ్చారు, పిల్లతో సహా.
పడవ కదిలేదాకా అది అతని చేతులకేసే చూసింది.

"ఒక్కదాని కోసం మందంతా పోగొట్టుకుంటామా?"
అన్నాడా రాత్రి, భార్య ఏమీ అడక్కుండానే.

వానలు తెరిపిచ్చిన వారం
చిన్నకూతురు ఎలిస్ చెవుల వెనక ఎర్రటి దద్దుర్లు.
తట్టు.

రేవులో డాక్టర్ తంబునాన్ గొలుసు తీయలేదు.
కోతులకి అంటితే మంద ఊడ్చుకుపోతుందని
కొత్తవాళ్లందరికీ చెప్పింది యాయటే.
చొక్కా చెయ్యి మడిచి కమ్మీల సందులోంచి చాచాడు.
ఎర్ర మూత గొట్టం.

ఇరవై ఒక్క రోజులు.
కూతురి పక్కన పడుకోవచ్చు, పడవ ఎక్కకూడదు.

సాయంత్రం అరటిగెలల పడవ తిరిగొస్తే
ఏవేవి మేతకొచ్చాయో అంకెలు చెప్పించుకుంటాడు.
నాలుగు వందల పదకొండు.
పడవవాడు ఆగుతాడు.
అతనూ ఆగుతాడు.
నాలుగు వందల పదమూడు.